హాలోవీన్‌కి వాకిలి సిద్ధం చెయ్యడం: గుమ్మడికాయ, చాక్లెట్ల లెక్క, పొగ, కరెంటు

కొత్తవాకిలి (ప్రశ్న)

అమెరికాలో అపార్ట్‌మెంట్ వదిలి విడి ఇంటికి మారాక మాకిది మొదటి హాలోవీన్. 2026 అక్టోబరు 31 శనివారం పడింది కాబట్టి వేషాలు వేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పిల్లలు గట్టిగానే వస్తారని వీధిలో అంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి:

1. గుమ్మడికాయ ఎప్పుడు కొనాలి, దాని మీద ముఖం ఎప్పుడు చెక్కాలి? ముందే చెక్కితే ముఖం వాలిపోతుందంటున్నారు.
2. చాక్లెట్లు ఎన్ని తేవాలి? మేం శాకాహారులం, జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉన్నవి పంచడం ఇష్టం లేదు.
3. 700 వాట్ల పొగ మిషను, గాలితో నిలబడే బొమ్మ ఒకటి, ఎల్ఈడీ దీపాల తీగలు రెండు తెచ్చాం. మెట్ల దగ్గర బయట ప్లగ్గు ఒక్కటే ఉంది. అన్నీ దానికే పెడితే ఆగుతుందా? పొగకి డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) మేలా?
4. పెద్దపిల్లలకి కాస్త దడ పుట్టాలి, మా పాప మాత్రం జడుసుకోకూడదు. ఈ రెండూ ఎలా కుదుర్చుకోవాలి?

గుమ్మడిపాదు (జవాబు)

కాయ గురించి నేను చెప్తాను, మిగతావి తెలిసినవాళ్లు అందుకుంటారు.

కాయ ఇప్పుడే కొనేసుకోవచ్చు. కొయ్యడం మాత్రం 29వ తేదీ సాయంత్రం కంటే ముందు వద్దు. గాటు పడని కాయ చల్లగా పొడిగా ఉన్న చోట నెల దాటినా చెక్కుచెదరదు. కోశాక రెండు మొదలవుతాయి. కోసిన అంచుల్లోంచి నీరు ఆవిరైపోయి ముఖం లోపలికి ముడుచుకుంటుంది. లోపలి తడి గోడకి బూజు పడుతుంది. చలి రాష్ట్రాల్లో వారం దాకా నిలవొచ్చు. టెక్సస్, ఫ్లోరిడా లాంటి చోట్ల రెండు మూడు రోజులకే పై పెదవి కింద పెదవి మీద కూలబడుతుంది.

కొనేటప్పుడు ముందు తొడిమ చూడండి. పచ్చగా, గట్టిగా ఉండాలి. బొటనవేలి గోటితో నొక్కితే తొక్కలోకి దిగకూడదు. తిరగేసి అడుగు కూడా తడమండి. మెత్తటి మచ్చ కనిపిస్తే పైన ఎంత నిగనిగలాడినా ఆ కాయ వదిలెయ్యండి, కుళ్లు అక్కణ్నించే పైకి పాకుతుంది. తొడిమ పట్టుకుని ఎత్తకండి. అది పిడి కాదు, విరిగితే ఆ గాయంలోంచే పాడవుతుంది. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో గుజ్జు పీచుగా, నీళ్లగా ఉంటుంది, వండితే రుచి ఉండదు. కూరకో పులుసుకో కావాలంటే 'పై పంప్‌కిన్' అని అమ్మే చిన్న కాయ విడిగా తెచ్చుకోండి.

ఎక్కడ కోసి తెరవాలన్నది లోపల ఏ దీపం పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. నిజం కొవ్వొత్తి అయితే పైన మూత కొయ్యాలి, పొగ పోవడానికి ఆ మూతకి చిన్న కన్నం కూడా పెట్టాలి. మూత కోసేటప్పుడు కత్తి నిలువుగా దించకండి. మొన తొడిమ వైపుకి వాలేలా, సుమారు 45 డిగ్రీల వాలులో తిప్పుకుంటూ రండి. నిలువుగా కోస్తే రెండో రోజుకి కాయ ఎండి సందు పెరుగుతుంది, మూత లోపల పడిపోతుంది. వెనకవైపు ఒక చోట వి ఆకారంలో గాటు పెట్టుకుంటే మూత ప్రతిసారీ సరిగ్గా అదే చోట కూర్చుంటుంది. బ్యాటరీ దీపమైతే పైన ముట్టుకోనే అక్కర్లేదు, అడుగున గుండ్రంగా కోసి తీసెయ్యండి. దీపాన్ని నేల మీద పెట్టి కాయని దానిమీద బోర్లించినట్టు దించడమే. తొడిమ కాయకే ఉండిపోతుంది కాబట్టి చూడ్డానికీ బావుంటుంది.

గింజలూ పీచూ తీశాక ముఖం వచ్చే వైపు గోడని లోపలి నుంచి గట్టి గరిటె అంచుతో గీకి ఒక అంగుళం మందానికి తేవాలి. అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసే పని ఇదే. మందం ఎక్కువుంటే రంపం ఇరుక్కుంటుంది, వెలుతురు బయటికి రాదు. మరీ పల్చనైతే మర్నాటికే ముఖం ముడుచుకుపోతుంది. ఎంతుందో తెలియాలంటే, ఎలాగూ కోసి తీసెయ్యబోయే నోటి భాగంలో గుండుసూది గుచ్చి చూడండి.

బొమ్మని కాగితం మీద గీసి టేపుతో కాయకి అంటించండి. గీతల వెంట సూదితో పావు అంగుళానికో చుక్క గుచ్చండి. కాగితం తీసేసి కాస్త గోధుమపిండి రుద్దితే చుక్కలన్నీ తెల్లగా తేలతాయి.

కొయ్యడానికి వంటింటి కత్తి వద్దు. కాయలో ఇరుక్కుంటుంది, బలంగా లాగితే ఒక్కసారిగా ఊడొచ్చి రెండో చేతిని కోస్తుంది. చెక్కడానికని అమ్మే పల్చటి చిన్న రంపాలే వాడండి. రంపం వెళ్లే దిక్కున అరచెయ్యి ఎప్పుడూ ఉండకూడదు. ముందు కనుపాపల్లాంటి సన్నవి, తర్వాత కళ్లు, ముక్కు, అన్నిటికంటే చివర నోరు. నోరు ముందే కోసేస్తే పైభాగానికి ఆసరా పోతుంది, కళ్ల దగ్గర రంపం ఆడించేసరికి దవడ పగులుతుంది. పన్ను విరిగితే కంగారు పడకండి. పళ్లు కుట్టుకునే పుల్లని సగానికి విరిచి, సగం పన్నులోకి, సగం కాయలోకి గుచ్చి అతికించెయ్యొచ్చు.

కళ్లు కోసేశాక కాయని తిప్పి, లోపలి నుంచి రంధ్రం అంచుని ఏటవాలుగా చెక్కెయ్యండి. అంగుళం మందం గోడకి తిన్నగా కోసి వదిలేస్తే ఎదురుగా నిలబడ్డవాడికే వెలుతురు కనిపిస్తుంది, వీధి మలుపు నుంచి వచ్చేవాడికి గోడ మందమే కనిపిస్తుంది. లోపలి అంచు చెక్కితే ఆ కళ్లు ఏ పక్క నుంచి చూసినా మండుతున్నట్టుంటాయి. చెక్కిన కాయకి ప్రాణం వచ్చేది ఇక్కడే.

చెక్కాక గ్యాలను నీళ్లలో ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలిపి, కాయని 20 నిమిషాలు ముంచి, బోర్లించి గంటసేపు ఆరనివ్వండి. బూజు రెండు మూడు రోజులు వెనక్కి పోతుంది.

ఐర్లండ్‌లో, స్కాట్లండ్‌లో ఇదే పని టర్నిప్ దుంపల మీద చేసేవాళ్లు. రాయిలాంటి దుంపని తొలవడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. వలస వచ్చినవాళ్లకి ఇక్కడ ఇంత పెద్ద, ఇంత మెత్తటి కాయ దొరికాక దుంప జోలికి మళ్లీ ఎందుకు పోతారు!

ఉడతలబెడద

పైన చెప్పినదంతా నిజమే. బ్లీచ్ దగ్గర రెండు జాగ్రత్తలు చేర్చాలి. ఒకటి, బ్లీచ్‌తో వెనిగర్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. రెండూ బూజుకి మంచివే కదా అని కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. పిల్లలతో కూర్చుని చేసే పనిలో అది మరీ ప్రమాదం. రెండు, పండగయ్యాక కాయని జంతువులకి వెయ్యాలనుకుంటే బ్లీచ్ అసలు వాడకండి. దాని బదులు రాత్రిళ్లు ఫ్రిజ్‌లోనో చల్లటి గరాజ్‌లోనో పెట్టండి. ముడుచుకుపోతే చల్లటి నీళ్ల తొట్టిలో నాలుగైదు గంటలు ముంచండి. పోయిన నీరు చాలామటుకు తిరిగి పీల్చుకుని ముఖం మళ్లీ నిటారుగా నిలబడుతుంది.

కోసిన అంచులకి వాజెలీన్ రాస్తే ఎండిపోవడం తగ్గుతుంది. లోపల నిజం మంట పెట్టేవాళ్లు మాత్రం రాయకండి, అది పెట్రోలియం సరుకు.

బ్యాటరీ దీపం చాలా మసగ్గా ఉందని కొందరు కొవ్వొత్తికి వెళ్లిపోతారు. చిన్నవి ఒకటికి మూడు పెట్టి, కాయ వెనక గోడకి లోపల అల్యూమినియం రేకు ముక్క గుచ్చి చూడండి, వెలుతురంతా ముందుకి తిరుగుతుంది. మెట్ల మీద మాత్రం నిజం మంట వద్దే వద్దు. నేలకి జీరాడే పల్చటి పాలియెస్టర్ అంగీలతో పిల్లలు సరిగ్గా ఆ ఎత్తులోనే తోసుకుంటూ నడుస్తారు.

దోసెడుచాక్లెట్లు

చాక్లెట్ల లెక్కకి ఊహలు పనికిరావు. అదే వీధిలో నాలుగైదేళ్లుగా ఉంటున్న పక్కింటివాళ్లని అడగండి. ఒక వీధికి పది మంది వస్తారు, రెండు వీధుల అవతల రెండొందల మంది వస్తారు. వాళ్లు చెప్పిన సంఖ్యని రెండుతో హెచ్చించి, పైన ఐదో వంతు కలపండి. అరవై మంది అంటే 120, పైన 24, అంటే 150 ముక్కల సంచీ ఒకటి సరిపోతుంది. ఈసారి శనివారం కాబట్టి ఇంకో సంచీ తెచ్చి విప్పకుండా పక్కన పెట్టుకోండి. బిల్లు దాచుకోండి, కొన్ని దుకాణాలు విప్పని సంచీని వెనక్కి తీసుకుంటాయి. ఏడున్నర దాకా మనిషికి రెండు, తర్వాత మిగిలినదాన్ని బట్టి మూడో నాలుగో. గిన్నె మెట్ల మీద వదిలేసి మీరు వీధులు తిరగడానికి వెళ్తే మాత్రం మొదటి నలుగురు పిల్లలకే అయిపోతుంది. ఒకరు ఇంట్లో ఉండండి.

చాలా ఊళ్లలో ఆరింటి నుంచి ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా సాగుతుంది. కొన్ని ఊళ్లు వేళలు ముందే ప్రకటిస్తాయి, మీ ఊరి వెబ్‌సైట్ చూడండి. వాకిట్లో దీపం వెలిగితే రావచ్చని, ఆర్పేస్తే రావద్దని గుర్తు. సరుకు అయిపోయిన క్షణంలో దీపం ఆర్పెయ్యండి.

జెలటిన్ సంగతి. గమ్మీలు, మార్ష్‌మాలోలు, చాలా రకాల నమిలే పండ్ల మిఠాయిల్లో ఉంటుంది. చాలామంది గమనించనిది కాండీ కార్న్. చూడ్డానికి చక్కెర బిళ్లలా అమాయకంగా ఉన్నా అందులోనూ సాధారణంగా జెలటిన్ ఉంటుంది. ఎరుపు, గులాబి రంగు వాటిలో 'కార్మైన్' లేదా 'కోచినీల్' అన్న మాట వెతకండి, అది పురుగుల నుంచి తీసే రంగు. 2011 నుంచి అమెరికాలో దాన్ని పేరు పెట్టి రాయాల్సిందే కాబట్టి లేబుల్ మీద దొరికిపోతుంది. పైపైన మెరిసే బిళ్లల్లో 'కన్ఫెక్షనర్స్ గ్లేజ్' అని ఉంటే అది లక్క, కీటకాల నుంచి వచ్చేదే. మామూలు పాల చాక్లెట్లు, వేఫర్ చాక్లెట్లలో ఈ మూడూ సాధారణంగా ఉండవు. అయినా ప్రతి సంచీ వెనక చదవండి. ఒకే చాక్లెట్ పెద్ద బార్‌లో లేనిది 'ఫన్ సైజ్' అనే చిన్న ముక్కలో ఉండొచ్చు, తయారీ వేరే చోట కావొచ్చు. ఎలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు చిన్న ముక్కలంటే ఎక్కువ భయపడేది అందుకే, పైగా విడి ముక్క మీద చాలాసార్లు పదార్థాల పట్టీ కూడా ఉండదు.

అలాంటి పిల్లల కోసం ఇంకో గిన్నె పెట్టండి. తిండి కానివి మాత్రమే అందులో వెయ్యాలి: స్టిక్కర్లు, పెన్సిళ్లు, చీకట్లో మెరిసే గాజులు, చిన్న నోటుపుస్తకాలు. గుమ్మం ముందు నీలం, ఆకుపచ్చ కలిసిన 'టీల్' రంగు వేసిన గుమ్మడికాయ పెడితే ఈ ఇంట్లో తిండి కానివి కూడా ఉన్నాయని అర్థం. టెనసీ రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతిని ఫేర్ అనే ఎలర్జీ సంస్థ 2014లో దేశమంతా చేపట్టింది. రెండు గిన్నెలూ విడిగానే ఉంచండి. వేరుశనగ చాక్లెట్ల మధ్య స్టిక్కర్లు పడేస్తే చేసిన పనంతా వృథా. మూడేళ్ల లోపు పిల్లలకి గోళీలు, చిన్న రబ్బరు బంతులు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి.

ఇంట్లో చేసిన లడ్డూలు, జంతికలు తెలిసినవాళ్లకి మాత్రమే పెట్టండి. ఫ్యాక్టరీ సీలు లేని తినుబండారాన్ని ఇక్కడ తల్లిదండ్రులు ఇంటికెళ్లగానే పారేస్తారు. మన లడ్డూని చెత్తబుట్టలోకి పంపడం ఎందుకు?

గిన్నె పట్టుకునేవాళ్లు వంగి, పిల్లల కళ్ల ఎత్తులో పట్టుకోండి. గుమ్మం దగ్గర పిల్లలు అనాల్సిన 'ట్రిక్ ఆర్ ట్రీట్' అనకపోయినా, థాంక్యూ చెప్పకపోయినా, వయసుకి మించి పొడవున్నా పట్టించుకోకండి. మాటలు రాని పిల్లలూ, ఒకటే రంగు ముక్క కోసం గిన్నెంతా వెతికే పిల్లలూ ఉంటారు. నీలం బకెట్ పట్టుకొచ్చిన పిల్లలకి ఆటిజం ఉండొచ్చని కొందరు తల్లిదండ్రులు గుర్తుగా వాడుతున్నారు. అందరూ వాడరు కాబట్టి బకెట్ రంగు చూడకుండా అందరితోనూ నిదానంగా ఉండటమే సరైనది.

కొత్తవాకిలి

చాలా థాంక్స్ అండీ. కార్మైన్ సంగతి అసలు తెలియదు. ఇంకా పొగ, కరెంటు మిగిలాయి. బయట ప్లగ్గుకి నడుమ బటన్లు రెండున్నాయి, టెస్ట్, రీసెట్ అని. పొగ మెట్ల మీద పరుచుకునేలా చెయ్యాలని మా వాడి కోరిక.

మసకవెలుగు

బటన్లున్నాయంటే అది జీఎఫ్‌సీఐ ప్లగ్గు, అంటే తడి తగిలి కరెంటు దారి తప్పితే తనంతట తనే ఆగిపోయే రకం. బయట ఉండాల్సింది అదే. ముందు లెక్క చూద్దాం. 15 ఆంపియర్ల లైను, 120 వోల్టులు, అంటే 1800 వాట్లు. గంటల తరబడి వాడేటప్పుడు అందులో 80 శాతానికి, అంటే 1440 వాట్లకి లోపే ఉండాలి. మీ పొగ మిషను 700, గాలిబొమ్మ వంద లోపు, ఎల్ఈడీ తీగలు రెండూ కలిపి పాతిక కూడా ఉండవు. ఆగుతుంది.

చిక్కు ఇంకో చోట వస్తుంది. చాలా ఇళ్లలో, ముఖ్యంగా పాతవాటిలో, బయట ప్లగ్గు ఉన్న లైనులోనే గరాజ్‌వో బాత్‌రూమ్‌వో ప్లగ్గులు కూడా ఉంటాయి. సరిగ్గా ఏడింటికి లోపల ఎవరో 1500 వాట్ల హెయిర్ డ్రయర్ వేస్తారు, బయట బొమ్మ చతికిలబడుతుంది. ముందురోజు పగలే ఆ బ్రేకర్ దించి, ఇంట్లో ఏయే ప్లగ్గులు ఆగిపోయాయో చూసి వాటిమీద చిన్న చీటీ అంటించండి. గరాజ్ ఫ్రిజ్ అదే లైన్లో ఉంటే, జీఎఫ్‌సీఐ పడిపోయినప్పుడు అదీ ఆగుతుందని గుర్తుపెట్టుకోండి.

తీగ కొనేటప్పుడు తొడుగు మీద రకం అక్షరాల్లో 'డబ్ల్యూ' ఉందో లేదో చూడండి, అది బయట వాడకానికి గుర్తు. 50 అడుగుల లోపు 16 గేజ్ మీ లోడుకి చాలు, అంతకంటే దూరమైతే 14 గేజ్ తీసుకోండి (గేజ్ అంకె తగ్గితే తీగ మందం). ఒక తీగకి ఇంకో తీగ, దానికి ఇంకోటి తగిలించుకుంటూ పోవద్దు. రెండు తీగలు కలిసే చోటు గడ్డిలో ఉంటే మంచు పడగానే జీఎఫ్‌సీఐ పడిపోతుంది. ఇటుక మీదకి ఎత్తి పెట్టండి. నడిచే దారికి అడ్డంగా తీగ లాగొద్దు.

పొగ మెట్ల మీద వద్దు. మీ బాబుకి నచ్చకపోయినా ఇది కుదరదు. మెట్టు అంచు కనిపించకపోతే ముసుగు వేసుకున్న ఆరేళ్ల పిల్ల పడిపోతుంది. మెట్ల పక్కన పచ్చిక మీద పరచండి, ఎటూ వీధిలోంచి చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

మిషను పొగ వేడిగా వస్తుంది కాబట్టి నేల మీద నిలవదు, పైకి లేచి గాల్లో కలిసిపోతుంది. కొన్నవాళ్లందరూ మొదటి రాత్రే నిరాశ పడేది ఇందుకే. దాన్ని చల్లబరిస్తే నేలని అంటుకుని పాకుతుంది. మామూలు పిక్నిక్ ఐస్ పెట్టె ఒకటి తీసుకోండి. ఒక పక్క పైభాగంలో, ఎదురుపక్క అడుగు దగ్గర, నాలుగంగుళాల గొట్టం పట్టే కన్నాలు చెయ్యండి. లోపల అడుగు నుంచి నాలుగంగుళాల ఎత్తులో ఇనప జాలీ బిగించి దానిమీద 15, 20 పౌన్ల ఐస్ ముక్కలు పొయ్యండి. పొగ పైనుంచి వెళ్లి, ఐస్ సందుల్లోంచి దిగి, కింద గొట్టంలోంచి బయటికొస్తుంది. మిషను మూతిని గొట్టంలోకి తోసెయ్యకండి, రెండు మూడంగుళాల సందు వదలండి. ఆ సందులోంచి గాలి కూడా లోపలికి పోవాలి, లేకపోతే పొగ వెనక్కి తన్ని మిషను మూతి దగ్గరే నీరుగా చేరుతుంది. ఆగకుండా వదిలితే ఐస్ గబగబా కరుగుతుంది. నిమిషానికి ఐదు సెకన్ల చొప్పున వదలండి. గాలి వీస్తుంటే ఏం చేసినా నిలవదు, ఆ రాత్రి మిషను కట్టేసి దీపాల మీద ఆధారపడండి.

పొగ మిషనులో దానికని అమ్మే నీళ్ల ఆధారపు ద్రవమే పొయ్యాలి. సెంటు, నూనె లాంటివి ఒక్క చుక్క కూడా వద్దు. ద్రవం అయిపోయాక నడిపితే పంపు కాలిపోతుంది. వీధి తలుపు తెరిచి పెట్టుకుంటే లోపల పొగ అలారం మోగుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలు దగ్గరికొస్తుంటే ఆపెయ్యండి.

డ్రై ఐస్ పొగ అందంగా నేల మీదే పాకుతుంది, కాదనను. కానీ రెండున్నర గంటలు వీధిలో పిల్లలు తిరిగే చోటికి అది సరిపడదు. ఐదు పౌన్లు నాలుగు గ్యాలన్ల వేడినీళ్లలో వేస్తే పది నిమిషాల్లోపే జోరు తగ్గుతుంది, మళ్లీ నీళ్లు కాచి పొయ్యాలి. అది మైనస్ 109 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది, ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టే అవుతుంది. మూత గట్టిగా బిగించిన డబ్బాలో పెడితే వాయువు నిండి పేలుతుంది. కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించండి, అది వదిలేదంతా కార్బన్ డయాక్సైడే. బల్ల మీద పానకం గిన్నె చుట్టూ పొగ రావాలనుకుంటే పెద్ద గిన్నెలో డ్రై ఐస్, వేడినీళ్లు వేసి, దానిలో చిన్న గిన్నె పెట్టి తాగేది అందులో పొయ్యండి. తాగే గ్లాసులో ముక్క ఎన్నడూ వెయ్యొద్దు.

ఇక దడ పుట్టించే సంగతి. వస్తువులు పెంచితే దడ పుట్టదు, దీపం ఉన్న చోటు మారిస్తే పుడుతుంది. మనకి మొహాల మీద వెలుతురు పైనుంచి పడటమే అలవాటు. అదే కింద నుంచి పడితే తెలిసిన మొహం కూడా పరాయిదైపోతుంది. బొమ్మకి నాలుగడుగుల ముందు, నేల మీద, పొద చాటున ఒక్క ఆకుపచ్చ దీపం పెట్టి పైకి తిప్పండి. బొమ్మ నీడ ఇంటి గోడ మీద రెండింతలై నిలబడుతుంది. దీపం వీధికి కనబడకూడదు. కనబడితే కళ్లు దాని మీదకే పోతాయి. ఇంకో రంగు కావాలంటే గోడకి ముదురు నీలం వెయ్యండి, మూడో రంగు వద్దు. మెట్లకి మాత్రం విడిగా, అడుగు ఎత్తులో మామూలు పసుపు వెలుతురు ఉండాలి. వాకిట్లో తెల్ల దీపం ఇదంతా చెరిపేస్తుంది కాబట్టి బల్బు తీసి నారింజ రంగుది పెట్టండి. ఇంట్లో మనుషులున్నారన్న గుర్తూ ఉంటుంది, చీకటీ మిగులుతుంది.

2007 నుంచి ఇక్కడ చలికాలానికి గడియారం గంట వెనక్కి మార్చేది నవంబరు మొదటి ఆదివారం కాబట్టి హాలోవీన్ సాయంత్రం చాలా ఊళ్లలో ఆరింటికి ఇంకా వెలుతురు ఉంటుంది. మీ పాపకి ఇదే అదను. ఆరు నుంచి ఏడు దాకా చిన్నపిల్లలు వచ్చే వేళ, గుమ్మడికాయలు, బొమ్మ చాలు. పొగ, శబ్దం, కదిలే బొమ్మలు ఏడు తర్వాత. మనిషి అలికిడికి లేచి అరిచే బొమ్మలుంటే వాటిని దారి పక్కన కాకుండా పచ్చిక అవతలి మూల పెట్టండి. ధైర్యం ఉన్నవాడు అక్కడిదాకా వెళ్తాడు, లేనివాడు చాక్లెట్ తీసుకుని తిన్నగా పోతాడు. పాపకి వాటిని ముందే పగలు చూపించి, బటను తన చేతే నొక్కించండి. అరుపు ఎక్కణ్నించి వస్తుందో తెలిశాక పిల్లలు రెండోసారి నవ్వుతారు. నాలుగేళ్ల వాళ్లు ఎక్కువ జడుసుకునేది తెలిసిన మనిషి మొహం ముసుగు కింద మాయమైనప్పుడు. మీరు మాత్రం ముసుగు వేసుకోకండి.

సాలెగూడు దూది చాలా ఇళ్ల ముందు తడిసిన పత్తిలా వేలాడుతుంది. పిడికెడు తుంచి, చిటికెన వేళ్లకి చుట్టుకుని, అవతల వైపు కనిపించేదాకా సాగదీయాలి. ఒక సంచీతో గుమ్మం మొత్తం కప్పొచ్చు. చెట్లకీ పొదలకీ మాత్రం కట్టకండి, పిట్టలూ తేనెటీగలూ చిక్కుకుంటాయి.

నడకదారి

వేషాల గురించి ఎవరూ రాయలేదు. అంగీ అంచు చీలమండ పైకే ఉండాలి. చలి ఊరైతే ఒక సైజు పెద్దది కొని లోపల స్వెటర్ వెయ్యండి. పైన కోటు వేస్తే వేషమంతా దాక్కుని పిల్లలు ఏడుస్తారు. ముసుగు పక్క చూపుని మూసేస్తుంది, దాని బదులు మొహానికి రంగు వెయ్యండి. ఆ రంగుని ముందురోజు మోచేతి లోపల కాస్త పూసి చూడండి, దద్దురు వస్తే అక్కడే తెలిసిపోతుంది. చీకట్లో మెరిసే రంగు కళ్ల దగ్గర వద్దు. రంగు కాంటాక్ట్ లెన్సులు దుకాణాల్లో వేలాడుతుంటాయి. 2005 చట్టం ప్రకారం అమెరికాలో అలంకారానికి పెట్టుకునేవాటికి కూడా డాక్టరు చీటీ ఉండాలి. చీటీ లేకుండా కొన్నది కంటి పైపొరని గీరి చూపు పోగొట్టగలదు.

వీపుకీ సంచీకీ వెలుతురు పడితే మెరిసే టేపు రెండంగుళాల పట్టీలుగా అంటించండి, చేతికి టార్చ్ ఇవ్వండి. ఆగి ఉన్న కార్ల సందుల్లోంచి రోడ్డు దాటకూడదు, మూల మీదే దాటాలి. ఇంటికొచ్చాక విప్పిన పొట్లాలు పారెయ్యండి. నాలుగేళ్ల పాపకి గట్టి బిళ్లలు, చూయింగ్ గమ్ ఇంకా వద్దు. ఇంట్లో కుక్క ఉంటే చాక్లెట్, ఎండు ద్రాక్ష, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న గమ్ దానికి విషం, సంచీ అల్మరా పైన పెట్టండి.

ఉడతలబెడద

గింజలు పారెయ్యకండి. పీచు కడిగేసి, రెండు కప్పుల నీళ్లకి టీస్పూను ఉప్పు చొప్పున పది నిమిషాలు ఉడికించి, వార్చి, గుడ్డ మీద బాగా ఆరనివ్వండి. ఉడికించకుండా వేయిస్తే పై పొట్టు నారలా నోట్లో నిలుస్తుంది. కప్పున్నర గింజలకి రెండు టీస్పూన్ల నూనె, కారం, చిటికెడు పసుపు పట్టించి పళ్లెంలో ఒకే వరసగా పరిచి 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 20 నుంచి 25 నిమిషాలు, నడుమ రెండుసార్లు కలపండి. కారం మాడితే చేదెక్కుతుంది, కావాలంటే దించే ముందు చల్లండి.

కాయని తర్వాత కంపోస్టులో వెయ్యొచ్చు. మైనం, రంగు, మెరుపుపొడి ఉంటే ఆ భాగం కోసి తీసెయ్యాలి. పారతో ముక్కలు చేస్తే త్వరగా కుళ్లుతుంది. గింజలు మిగిలితే మే నెలలో పాదులు లేస్తాయి, చూసుకోండి.

మసకవెలుగు

ఒకటి మర్చిపోయాను. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. ఈసారి దీపావళి నవంబరు 8. అందుకని పసుపు, తెలుపు తీగలు విప్పకండి, ఆకుపచ్చవి మాత్రం తీసి పెట్టండి. గుమ్మడికాయలు ఆ ఎనిమిది రోజులు నిలవవు, ఒకటో తారీకునే తీసెయ్యండి. తీగలకి టైమరు పెట్టుంటే 31 రాత్రి తెల్లవారితే రెండింటికి గడియారం గంట వెనక్కి పోతుంది. తిప్పే ముల్లున్న టైమరుకి ఆ సంగతి తెలియదు. ఆదివారం పొద్దున దాన్ని కొత్త టైముకి సరిచెయ్యండి.